చెల్లి పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11: నా అనుభవం
మాది నల్లగొండ. చెల్లి ల్యాప్‌టాప్ 2015లో కొన్నది, ఐదో తరం ఐ5 ప్రాసెసర్. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) కావాలి. గడియారం సెంటర్ దగ్గర షాపులో కొత్తది కొనుక్కోమన్నారు. తన డిగ్రీకి ఇంకా ఏడాది ఉంది, ఇంట్లో అంత డబ్బు సర్దలేం.

అందుకే పాతదానిలోనే విండోస్ 11 ఎక్కిద్దామనుకున్నాను. ముందు నోట్సు, ఫొటోలు వేరే డిస్కులోకి తీసుకున్నాను. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగంగా పనిచేసే డిస్క్) పెట్టాను, అసలు వేగం దీనివల్లే వచ్చింది. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో విండోస్ 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైల్) ఎక్కించాను. రూఫస్‌లో స్టార్ట్ నొక్కగానే ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో టీపీఎం, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ), ర్యామ్ షరతులు తీసేసే గడిలో టిక్ పెట్టాలి.

ఇన్‌స్టాల్ అయింది గానీ వైఫై గుర్తే కనపడలేదు. చెల్లికి ఒకటే టెన్షన్. ఫోన్‌కి కేబుల్ కలిపి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా వాడుకోవడం) ఆన్ చేస్తే నెట్ వచ్చింది. విండోస్ అప్‌డేట్‌లో వైఫైని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, దానంతటదే దిగింది. రీస్టార్ట్ చేసేసరికి పక్కింటి వైఫైతో సహా పేర్లన్నీ వరసగా వచ్చాయి!

నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తున్నాయి, ఎప్పుడూ ఇలాగే వస్తాయన్న గ్యారంటీ మాత్రం లేదు. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్‌ని మళ్లీ మనమే ఎక్కించుకోవాలి. కోర్ 2 డ్యూయో అనే ఇంకా పాత ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఈ దారి పట్టొద్దు, 24హెచ్2 అనే విండోస్ 11 వెర్షన్ నుంచి అందులో బూటే కాదు. వాటికి విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లినక్స్ మింట్ నయం.