వైజాగ్‌లో ఫస్ట్ మీటింగా? సాయంత్రం వద్దు

డేటింగ్ యాప్‌లో పది రోజులు చాటింగ్ అయ్యాక ఇక కలుద్దాం అనుకునేవాళ్లకి ఒక మాట, ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్ మాత్రం పెట్టుకోకండి. ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది, మీ పిన్నిగారి ఆడపడుచుతో సహా. నేనైతే ముంత మసాలా పొట్లం చేత్తో పట్టుకుని, పక్కనున్న అమ్మాయిని "మా కొలీగ్" అని పరిచయం చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆ అమ్మాయి నా మెసేజ్‌కి రిప్లయ్ ఇస్తే ఒట్టు.

వర్కింగ్ డే పొద్దున్నే ఆరింటికి పెట్టుకోండి. ఆ టైములో బీచ్ రోడ్డు వాకర్లదే, బళ్ల గోల ఉండదు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి వైఎంసీఏ వైపు నడుస్తుంటే ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడాలా అని తడుముకునే టెన్షన్ ఉండదు, మాట దానంతటదే వస్తుంది. కుదిరితే టిఫిన్‌కి వెళ్లొచ్చు, లేదంటే "ఆఫీసుకి టైమవుతోందండీ" అన్నా ఎవరూ నొచ్చుకోరు. కర్చీఫ్ మర్చిపోకండి, మన ఉక్కపోత సంగతి తెలిసిందే.

ఇంకోటి, ఇక్కడ నేవీ, పోర్టు, బ్యాంకు ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు చాలామంది. పోస్టింగ్ ఇంకెన్నాళ్లో మొదటి రోజే అడిగేయండి.