మంచుకు దెబ్బతిన్న బాక్స్‌వుడ్ పొదలను కత్తిరించే ముందు జాగ్రత్తలు

అమెరికాలోని న్యూజెర్సీ, కనెక్టికట్ వంటి చోట్ల ఇంటి ముందు బాక్స్‌వుడ్ (ఏడాది పొడవునా పచ్చగా ఉండే, కంచెలా పెంచే పొద) వరుస ఉన్నవారు మంచు కరగగానే కత్తెర పట్టకుండా, కొత్త చిగుళ్లు వచ్చేవరకు ఆగాలి. చలిగాలికి ఆకులు నారింజ రంగుకు తిరిగినా కొమ్మ బతికే ఉండవచ్చు. అనుమానం ఉంటే బెరడును గోటితో కొద్దిగా గీరి చూసి, లోపల పచ్చగా ఉన్న కొమ్మను వదిలేయాలి.

గడ్డకట్టిన మంచును కర్రతో కొట్టి రాల్చరాదు. పెళుసెక్కిన కొమ్మలు దానితోపాటే విరుగుతాయి. సగం చీలిన కొమ్మను మెత్తని పట్టీతో దగ్గరకు కట్టి చూడవచ్చు గానీ, ఆ కట్టు బెరడులోకి దిగకముందే విప్పడం మరవకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది పనిముట్ల శుభ్రత. అమెరికాలో 2011లో తొలిసారి నిర్ధారణ అయిన బాక్స్‌వుడ్ బ్లైట్ అనే శిలీంధ్ర తెగులు కత్తెరలకు, చేతొడుగులకు, బట్టలకు అంటుకుని ఒక పొద నుంచి మరొకదానికి పాకుతుంది కాబట్టి, పొద మారిన ప్రతిసారీ బ్లేడ్లను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి, ఆకులు తడిగా ఉన్న రోజున అసలు పని పెట్టుకోకూడదు. ఆకులపై ముదురు మచ్చలు, లేత కాడలపై నల్లని చారలు కనిపిస్తే దాన్ని మంచు దెబ్బగా పొరబడరాదు.

ఒకే ఏడాది మూడో వంతుకు మించి కోయకూడదు. వేళ్లు పైపైనే ఉంటాయి గనుక పొద మొదలు దగ్గర తవ్వరాదు. ఈ ఆకులు కుక్కలకు విషం. కోసిన రెమ్మలను అదే రోజు ఎత్తివేయాలి.