నదిలో కయాకింగ్: ముందు బోల్తా పడటం నేర్చుకోండి

కయాక్ అంటే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. దానితో మొదటి రోజే గోదావరి పారుదలలోకి దిగొద్దు. నడుం లోతు నిలకడ నీరు చాలు. వరద నెలలు, ఆనకట్టల దాపు అసలే వద్దు. బ్యారేజీ కింద తిరిగే నీరు లైఫ్ జాకెట్ ఉన్నవాళ్లనీ వదలదు.

జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగించండి. గడ్డం దాకా వచ్చిందంటే వదులే.

స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీరు రాకుండా నడుం చుట్టూ కట్టి, కూర్చునే చోటిని మూసే గుడ్డ) ఉంటే, దాన్ని ఊడదీసే లాగుడు పట్టీ బయటే ఉందో లేదో తడిమి చూడాలి. లోపల ఉండిపోతే తలకిందులైనప్పుడు దొరకదు. బోల్తా పడగానే ముందుకు వంగండి, పట్టీని ముందుకు లాగి పైకెత్తండి, రెండు చేతులతో తుంటిని బయటికి తోసుకోండి. వెనక్కి వాలితే తొడలు ఇరుక్కుంటాయి. పక్కన ఒకరు నిలబడి ఉండగా, ఇది కంగారు లేకుండా వచ్చేదాకా చేయండి. తెడ్డు పోట్లు తర్వాత చూసుకోవచ్చు.

ప్రవాహంలో పడవ అడ్డం తిరిగి రాయిని తాకబోతే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది. అప్పుడు ఎగువ అంచు మునిగి, నీరు పడవను తిరగేస్తుంది. భయమేసినా రాయి వైపే వాలాలి.

నీళ్లలో పడితే మోకాలి లోతులోనైనా నిలబడొద్దు: పాదం రాళ్ల సందులో చిక్కితే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. వెల్లకిలా, కాళ్లు దిగువకు ఎత్తిపెట్టి తేలుతూ ఒడ్డుకు చేరండి. ఎదురుగా పడిపోయిన చెట్టు ఉంటే మాత్రం బోర్లా తిరిగి, దూరంగా ఈదాల్సిందే.