ఇంటి పచ్చళ్ల వ్యాపారం మొదలవడం లేదా? ముందు ధర చెప్పగలుగుతున్నారో లేదో చూసుకోండి

సమస్య: చేతిలో పనితనం ఉంది, తిన్నవాళ్లంతా మెచ్చుకుంటున్నారు, పేరు కూడా అనుకున్నారు. రెండు వేసవులు గడిచినా వ్యాపారం మాత్రం మొదలవలేదు.

మిగతా కారణాలు వెతికే ముందు ఇది చూడండి: ముఖపరిచయం లేని మనిషికి, మీరు చెప్పిన ధరకు, ఒక్క సీసా అయినా అమ్మారా? దాదాపు అందరూ దీన్ని వదిలేసి లోగో చుట్టూ, షాపు అద్దె చుట్టూ తిరుగుతుంటారు. అమ్మి ఉండకపోతే కింద మొహమాటం గురించి రాసింది ముందు చదవండి.

"పెట్టుబడి లేదు"

షాపు అడ్వాన్సు, ఫ్రిజ్, బోర్డు కలిపి లెక్కేస్తే ఎవరికైనా భయమేస్తుంది. మొదటి 10 కిలోల ఆవకాయకు అయ్యే ఖర్చు వరకే రాయండి. ఆ సరుకు డబ్బు తిరిగి చేతికొచ్చాక పెంచాలనుకుంటే చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద ఇచ్చే ముద్రా శిశు రుణం ఉంది, 50,000 వరకు తాకట్టు అక్కర్లేదు. అంతకు ముందు అప్పు వద్దు.

"ఉద్యోగం మానాలంటే భయం"

మానమని ఎవరూ అనలేదు. 10 కిలోలు ఒక ఆదివారం పని. ఇంటి ఖర్చు ఎంతో తెలియకే ఈ భయం పెరుగుతుంది. 3 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఈఎంఐలు, ఫీజులు, చిట్టీ వాయిదాలతో సహా కూడండి. ప్రభుత్వ ఉద్యోగులైతే సర్వీసు నిబంధనలు చదివాకే దిగాలి.

మొహమాటం

ఇది పెట్టుబడి లేదనో, లైసెన్సు రాలేదనో, మంచిరోజు చూడాలనో బయటికొస్తుంది. అందుకే దొరకదు. గుర్తుపట్టే చోటు ఒకటుంది: పక్కింటావిడ "కిలో ఎంతండీ?" అని అడిగినప్పుడు గొంతు తగ్గుతుంది. "అయ్యో, మీ దగ్గర డబ్బులేంటండీ" అనో, "మీకు తోచినంత ఇవ్వండి" అనో వచ్చేస్తుంది. నిన్నటిదాకా వదినగారికి ఊరికే పంపిన పచ్చడికి ఇవాళ డబ్బు అడగాలంటే ప్రాణం ఒప్పుకోదు.

గట్టిగా అడిగితే సామాన్ల ఖర్చు చెబుతారు. అక్కడే దెబ్బ. లెక్క ఇలా ఉంటుంది (అంకెలు ఉదాహరణకే): కిలోకు కాయ, కారం, ఆవపిండి, ఉప్పు, నూనె 270. సీసా, స్టిక్కరు 35. ముక్కలు కొట్టిన కూలి, ఆటో 15. మొత్తం 320. ఈ 320కే ఇచ్చేస్తారు. 10 కిలోలకు మీరు పడ్డ 8 గంటల కష్టం, గంటకు 75 చొప్పున, కిలోకు 60. అంటే 380. పదిలో ఒక కిలో బంధువులకు పోతే మిగిలిన తొమ్మిదే మొత్తం ఖర్చు మోయాలి, కిలోకు 422. అమ్మిన ప్రతి కిలో మీద 102 పోతోంది. సీజను చివర నడుము నొప్పి, ఖాళీ డబ్బా మిగులుతాయి. "మనకు వ్యాపారం అచ్చిరాదు" అని అక్కడితో వదిలేస్తారు. తప్పు వ్యాపారానిది కాదు, చెప్పని ధరది.

పరిష్కారం ఇదే వరసలో చేయండి. పంచాల్సిన కిలో ముందే వేరే జాడీలోకి తీయండి, అయిపోతే అయిపోయినట్టే. ధర సీసా మీదే అచ్చు వేయించండి, నోటితో చెప్పే పని సగం తగ్గుతుంది. రుచికి చెంచాడు ఊరికే, సీసా మాత్రం డబ్బుకే. మొదటి 10 సీసాలు తెలియనివాళ్లకే అమ్మండి. వాళ్లు వద్దన్నా చుట్టరికం చెడదు. అడగగానే "కిలో 550 అండి, అరకిలో 290. ఏది ఇవ్వమంటారు?" అని ఆగిపోండి. ఆ తర్వాతి నాలుగు క్షణాల్లోనే అమ్మేవాళ్లు చాలామంది తమంతట తామే ధర తగ్గించేస్తారు. ఇంట్లో అద్దం ముందు కాదు, ఇంకో మనిషి ముందు పదిసార్లు అనండి.

"ఇంట్లో ఒప్పుకోవడం లేదు"

వాళ్ల భయం బంగారం తాకట్టుకు పోతుందేమోనని. పోయినా ఫర్వాలేదనుకునే మొత్తం కాగితం మీద రాసి చూపించండి, అది దాటొద్దు.

లైసెన్సు పెద్ద అడ్డంకి కాదు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ ఉంటుంది, దాని ఫాస్కోస్ వెబ్‌సైట్‌లో చేసుకోవచ్చు, అమ్మకానికి ముందే చేయండి. వేరే రాష్ట్రాలకు పంపాలంటే జీఎస్టీ నమోదు కూడా కావాలి. ఎవరో కాపీ కొడతారని, పోటీ ఎక్కువని ఆగేవాళ్లు తక్కువే; దానికి ఇప్పుడు సమయం పెట్టకండి.

కాయల కాలం దాటిపోయిందా? వచ్చే వేసవి దాకా ఆగక్కర్లేదు. 2 కిలోల గోంగూర పచ్చడితో ఇదే లెక్క కట్టండి.