కరెంటు పనికి, వెల్డింగ్ పనికి మనిషిని పిలిచేటప్పుడు: ఇంటిని నిప్పు నుంచి కాపాడుకునే పద్ధతి

మెయిన్ బోర్డులో ఉండి, లోడు ఎక్కువైతే కరెంటును తనంతట తానే ఆపే స్విచ్ ఎం.సి.బి. అది మాటిమాటికీ పడిపోతోందని వీధి చివరి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ‘పెద్దది వేసెయ్యి బాబూ, గొడవ వదిలిపోతుంది’ అని చెప్పే ఇళ్లు చాలా ఉన్నాయి. అతడు 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది బిగించి వెళ్లిపోతాడు. ఆ రోజు నుంచి స్విచ్ పడిపోవడం ఆగుతుంది కాని, దాని బదులు గోడ లోపలి వైరు కాగడం మొదలవుతుంది. ఈ పొరపాటులో ఎలక్ట్రీషియన్ వాటా కంటే మన వాటాయే ఎక్కువ. అందుకే మంచి పనివాడిని వెతకడం కంటే ముందు, అతడిని ఏమి అడగాలో మనం తెలుసుకోవాలి.

ఎం.సి.బి. కాపాడేది ఏసీనో ఫ్రిజ్‌నో కాదు, గోడలోని వైరును. దాని లోపల రెండు లోహాలు అతికిన పట్టీ, ఒక తీగచుట్ట ఉంటాయి. లోడు ఎక్కువైనప్పుడు పట్టీ వేడెక్కి వంగి కరెంటును తెంపుతుంది, షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు తీగచుట్ట క్షణంలో ఆ పని చేస్తుంది. కాబట్టి ఎం.సి.బి. ఎంత ఉండాలో ఆ లైనులోని వైరు మందాన్ని బట్టే నిర్ణయించాలి. మన ఇళ్లలో లైట్లకు, ఫ్యాన్లకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, పెద్ద ప్లగ్గులకు 2.5, గీజరుకు, ఏసీకి 4 వేయడం మంచి పద్ధతి. స్విచ్ పడిపోతున్నదంటే లోడు ఎక్కువైందా, ఎక్కడైనా వైరు తగులుతున్నదా, లేక ఎం.సి.బి. పాతదై బలహీనపడిందా అన్నది ముందు తేల్చమని అడగాలి. ఆ లైనులో ఎంత కరెంటు పోతున్నదో క్లాంప్ మీటరు పెట్టి చూపించగలిగినవాడికి పని అప్పగించవచ్చు. చేతిలో టెస్టరు ఒక్కటే ఉండి ‘ఏం కాదు సార్’ అనేవాడిని బల్బు మార్చడానికి మించి పిలవకపోవడమే మేలు.

మనిషిని వెతకడానికి ఇరుగుపొరుగును, ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణదారును అడగడం మనకు అలవాటే. అయితే దుకాణదారు చెప్పే పేరు అతడి సరుకు ఎక్కువగా కొనేవాడిది కావచ్చు. ఏడాది క్రితం పని చేయించుకున్న ఇంటివారి మాట అంతకంటే నమ్మదగినది. కొత్త లైను లాగడం, మెయిన్ బోర్డు మార్చడం వంటి పనులైతే వైర్‌మన్ పర్మిట్ (కరెంటు పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. సామాను మీరే కొని, ఐఎస్ఐ గుర్తు చూసి, బిల్లు తీసుకుని, కూలి విడిగా మాట్లాడుకుంటే నాసిరకం వైరు గోడలోకి పోయే అవకాశం తగ్గుతుంది.

పని జరిగేటప్పుడు దగ్గర ఉండాలి. జాగ్రత్త గల మనిషి కరెంటు ఉన్న చోట టెస్టరు పనిచేస్తున్నదో లేదో ముందే చూసుకుని, మెయిన్ ఆపిన తరువాత పని చేయబోయే చోట మళ్లీ పరీక్షించి తీగ ముట్టుకుంటాడు. జాగ్రత్తపరుడిని పోల్చుకోవడానికి ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టి గోడలో దాచే జాయింట్లను మాత్రం ఒప్పుకోవద్దు. వదులుగా ఉన్న కనెక్షన్ దగ్గర వేడి పుడుతుంది, పైగా కరెంటు రెట్టింపైతే ఆ వేడి నాలుగింతలవుతుంది. లోడు మామూలుగానే ఉంటుంది కనుక ఎం.సి.బి. దీన్ని పసిగట్టలేదు. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక, కాలిన ప్లాస్టిక్ వాసన, స్విచ్ బోర్డులో చిటపటలు కనిపించినా వినిపించినా ఆ లైను వాడకం అప్పటికప్పుడు ఆపాలి. మా వంటింట్లో మిక్సీ ప్లగ్గు నల్లబడినా నెల రోజులు పట్టించుకోలేదు. చివరకు విప్పి చూస్తే ఒక స్క్రూ వదులై, వైరు తొడుగు అంగుళం మేర కరిగిపోయి ఉంది.

చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, అంటే 230 వోల్టుల దగ్గర సుమారు 1380 వాట్లు. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు తగిలించి 2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ పెట్టడం ఆ వైరును పొయ్యి మీద పెట్టినట్టే. వచ్చిన మనిషి చేత వంటింట్లో 16 ఆంపియర్ల ప్లగ్గులు రెండైనా పెట్టించుకోండి. కరెంటు లీకైతే వెంటనే లైను తెంపే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్, ఆర్‌సీసీబీ, లేకపోతే అదీ వేయించి, దాని మీదున్న టెస్ట్ బటన్‌ను నెలకొకసారి నొక్కి చూడండి. షాకు నుంచి కాపాడేది ఇదే కాని, లోడు సంగతి దీనికి పట్టదు. ఎం.సి.బి.కి ఇది బదులు కాదు.

గ్యాస్ విషయం కొంచెమే. రబ్బరు గొట్టాన్ని దాని మీద ముద్రించిన తేదీ చూసి, ఐదేళ్లు దాటకుండా మార్చాలి. లీకేజీని అగ్గిపుల్లతో కాక సబ్బు నురగతో చూడాలి. గ్యాస్ గాలి కంటే బరువైనది, నేల వెంట పాకుతుంది. వాసన వస్తే రెగ్యులేటర్ ఆపి, ఏ స్విచ్చూ ముట్టకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

ఇక వెల్డింగ్ మనిషి. గ్రిల్ పని వీలైనంత వరకు అతడి షాపులోనే చేయించి, ఇంటి దగ్గర బిగింపు మాత్రమే ఉండేలా మాట్లాడుకోవాలి. తప్పనిసరై ఇంట్లో వెల్డింగ్ జరిగితే కర్టెన్లు, పరుపులు, పెయింట్ డబ్బాలు, సిలిండరు అక్కడి నుంచి తీసేయాలి. బకెట్ నీళ్లు పక్కన ఉంచుకుని, పని ముగిశాక గంటసేపు ఆ చోటును గమనిస్తూ ఉండాలి. రవ్వలు గోనెసంచిలో పడి చాలాసేపటికి మండుతాయి.

దొంగల భయంతో కిటికీలన్నిటికీ కదలని గ్రిల్ వేయించే అలవాటు నన్ను చాలా కలవరపెడుతుంది. 2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. ఆ ఇంటి పైఅంతస్తుకు ఉన్నది ఒకే ఇరుకైన మెట్లదారి. మన ఇంట్లో మెట్లవైపు పొగ కమ్మితే ఇంకొక దారి ఏదో ముందుగా ఆలోచించి, పడకగదిలో కనీసం ఒక గ్రిల్‌నైనా లోపలి నుంచి తెరుచుకునేలా కీళ్లు పెట్టి చేయమని వెల్డరుకు చెప్పండి. దానికి తాళం వేస్తే, తాళంచెవి ఆ కిటికీ పక్కనే, పిల్లలకు కూడా తెలిసిన మేకుకు వేలాడాలి. అగ్నిమాపక దళం నంబరు 101ను, అత్యవసర సాయం నంబరు 112ను ఆ మేకు పక్కనే గోడ మీద పెద్ద అంకెలతో రాసి ఉంచండి.