పట్టుచీర కట్టిన స్త్రీని ఆయిల్ పెయింటింగ్‌లో వేయాలంటే

నగలతో మొదలుపెట్టకండి. కాసులపేరు, వడ్డాణం, ముక్కుపుడక, ఇవన్నీ ఆఖరి రోజు పని, అదీ ఒక పూట. రవివర్మ తరహాలో పట్టుచీర కట్టుకున్న స్త్రీ బొమ్మ వేద్దామని ఉత్సాహపడేవాళ్ళు చాలామంది ముందుగా కొనేది గోల్డ్ కలర్ ట్యూబ్, ఈ బొమ్మకి అస్సలు అక్కర్లేనిది కూడా అదే. నిండుదనం అనేది ఒక పక్క నుంచి పడే వెలుతురు వల్ల వస్తుంది, ఆ వెలుతురులో చీర ఒంటిని ఎక్కడ అంటుకుంది, ఎక్కడ వదిలేసింది అన్నదాని వల్ల వస్తుంది. అది కుదిరితే మెడలో ఒక్క పసుపుతాడు ఉన్నా బొమ్మ నిలబడుతుంది, కుదరకపోతే ఏడువారాల నగలు దిగేసినా కేలండర్ బొమ్మే.

కేలండర్ అంటే గుర్తొచ్చింది, పాత ప్రింట్లు చూసి రంగులు కలపకండి. రవివర్మ 1894లో బొంబాయిలో లితోగ్రాఫ్ ప్రెస్ పెట్టాక ఆయన లక్ష్మి, సరస్వతి ఇంటింటికీ చేరారు, సంతోషమే, కానీ ఆ ప్రింట్లను చూసి వేసిన కాపీల్లో, ఆ కాపీలకు వేసిన కాపీల్లో నీడల్లోని రంగులన్నీ పోయి ముఖాలు గులాబీ రంగులోకి తిరిగాయి. వీలైతే అసలు పెయింటింగ్స్ చూడండి. తిరువనంతపురంలో శ్రీచిత్ర ఆర్ట్ గ్యాలరీ ఆవరణలో రాజా రవివర్మ ఆర్ట్ గ్యాలరీ ఉంది, మనకు దగ్గరగా కావాలంటే హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ ఆయన బొమ్మలున్నాయి. ఆయన కూడా ఆయిల్ నేర్చుకున్నది చాలావరకు చూసే. 1868లో ట్రావన్కోర్ ఆస్థానానికి వచ్చిన థియోడోర్ జెన్సన్ అనే యూరప్ చిత్రకారుడు పనిచేస్తుంటే పక్కన నిలబడి గమనించాడట. 1873లో వియన్నా ప్రదర్శనలో ఆయనకు బహుమతి తెచ్చిన బొమ్మలో ఒక నాయర్ స్త్రీ తలలో పూలదండ పెట్టుకుంటూ ఉంటుంది, అంతే. మొదటిసారి వేసేవాళ్ళు కూడా అలాంటి చిన్న పనే ఎంచుకోండి. శకుంతల, దమయంతి, హంస, తామరకొలను ఇప్పుడే వద్దు.

రిఫరెన్స్ ఫోటో మీరే తీసుకోండి. ఇంట్లో అక్కనో పిన్నినో అడిగి, ఉదయం పూట ఒక్క కిటికీ తెరిచి, మిగతావన్నీ మూసి, ట్యూబ్‌లైట్ ఆర్పేసి, కిటికీకి కాస్త ఏటవాలుగా నిలబెట్టండి. ఫ్లాష్ వాడారో, నీడ పోయింది, నీడతో పాటు బొమ్మా పోయింది. బరువంతా ఒక కాలిమీద వేయమనండి, నడుము ఒక పక్కకి ఒరుగుతుంది, భుజాలు దానికి ఎదురు వాలుతాయి, మన గుళ్ళల్లో శిల్పాలు నిలబడేదీ దాదాపు ఇలాగే. ముఖం ముప్పాతిక వంతు కనిపించేలా తిప్పితే చాలు. పైట మీద పిన్నులు తీసేయమనండి. ఇప్పుడు పెళ్ళిళ్ళలో బ్యూటీషియన్లు ఇస్త్రీ చేసినట్టు మడతలు పేర్చి పిన్నులు గుచ్చుతున్నారు, ఫోటోలో బాగుంటుందేమో కానీ బొమ్మలో అది అట్టముక్కలా కనిపిస్తుంది. చేతులకు విడిగా దగ్గర నుంచి ఫోటోలు తీయండి, తర్వాత నాకు థాంక్స్ చెప్పుకుంటారు.

చీర ఎంపికలో కొంచెం తెలివి చూపించాలి. పోచంపల్లి ఇక్కత్ ఎంత అందంగా ఉన్నా మొదటి బొమ్మకి వద్దు, మడత తిరిగిన ప్రతిచోటా డిజైన్ కూడా తిరగాలి, పిచ్చెక్కుతుంది. ఒడలంతా సాదాగా ఉండి అంచు మాత్రం బరువుగా ఉన్నది చూసుకోండి. గద్వాల చీర బాగా పనికొస్తుంది, ఎందుకంటే సంప్రదాయ గద్వాలలో ఒడలు నూలు, అంచూ కొంగూ పట్టు, కాబట్టి మెరవని బట్ట పక్కనే మెరిసే బట్ట వేయడం ఒకే బొమ్మలో నేర్చుకోవచ్చు.

సామాన్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 18×24 అంగుళాల రెడీమేడ్ కాన్వాస్, పందివెంట్రుకల ఫ్లాట్ బ్రష్‌లు రెండు, మెత్తటి ఫిల్బర్ట్‌లు (కొస గుండ్రంగా ఉండే చదును బ్రష్‌లు) రెండు, సన్నటి రౌండ్ ఒకటి, లిన్సీడ్ ఆయిల్, టర్పెంటైన్. రంగుల్లో టైటానియం వైట్, ఎల్లో ఓకర్, లెమన్ ఎల్లో, కాడ్మియం రెడ్, అలిజరిన్ క్రిమ్సన్, బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్, అల్ట్రామెరైన్ బ్లూ, విరిడియన్. నలుపు కొనకండి. అల్ట్రామెరైన్, బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే నలుపే జుట్టుకి బాగుంటుంది. పని మాత్రం కిటికీలు తెరిచిన గదిలోనే చేయాలి, టర్పెంటైన్ వాసన తల పట్టేస్తుంది.

ఫోటో మీద, కాన్వాస్ మీద గళ్ళు గీసుకుని బొమ్మ ఎక్కించుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎక్కించాక పెన్సిల్ గీతల మీద పలచటి బర్న్ట్ అంబర్‌తో ఒకసారి తిరగండి. తర్వాత అదే ఒక్క రంగుని టర్పెంటైన్‌తో పలచన చేసి నీడలన్నీ వేసేయండి, వెలుతురు ఉన్నచోట గుడ్డతో తుడిచేయండి. ఈ గోధుమరంగు బొమ్మ దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలి. కళ్ళు సగం మూసి చూస్తే వెలుతురు భాగం, నీడ భాగం రెండు ముద్దలుగా విడిపోవాలి, విడిపోలేదంటే రంగులేసినా విడిపోవు. అంబర్ త్వరగా ఎండుతుంది, ఒకట్రెండు రోజులు ఆగి రంగుల్లోకి వెళ్ళండి. ఇక్కణ్ణుంచి ఒకటే నియమం: కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ నూనె ఎక్కువ. తిరగేశారంటే పై పొర ముందు ఎండి కింది పొర తర్వాత కదులుతుంది, కొన్నాళ్ళకి పగుళ్ళు.

ఒంటి రంగు దగ్గర మనవాళ్ళు చేసే తప్పు తెలుపు కలపడం. చామనచాయని తెల్లబరిస్తే అందం రాదు, సుద్ద పూసినట్టుంటుంది. ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా కలిపి మధ్య రంగు చేసుకోండి, నీడకి అందులోనే కాస్త అల్ట్రామెరైన్, కాస్త అలిజరిన్. వెలుతురు వైపుకి ఓకర్ పెంచుతూ వెళ్ళి చివర్లో మాత్రమే తెలుపు, అదీ నుదురు, ముక్కు దూలం, చెంప ఎముక, కింది పెదవి మీద చిన్న చిన్న మెరుపులుగా. కిటికీ వెలుతురు చల్లగా ఉంటుంది కాబట్టి ఆ మెరుపుల్లో రవ్వంత నీలం ఉండొచ్చు, నీడలు మాత్రం వెచ్చగా ఉండాలి. దీపం వెలుగులో వేస్తే ఇదంతా తిరగబడుతుంది, వెలుగు పసుపుగా, నీడలు చల్లగా. దీపం అనగానే అందరికీ గుర్తొచ్చే, మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో ఉన్న దీపం పట్టుకున్న స్త్రీ బొమ్మ రవివర్మది కాదు, ఆయిల్ కూడా కాదు, ఎస్.ఎల్. హల్దంకర్ వేసిన వాటర్ కలర్.

ఇక చీర. నా లెక్కలో సగం బొమ్మ ఇదే. మడతలన్నీ లెక్కపెట్టి వేయబోతే కుచ్చిళ్ళు దువ్వెన పళ్ళలా వస్తాయి. బట్ట ఎక్కణ్ణుంచి వేలాడుతోందో చూడండి: భుజం దగ్గర ఒకటి, నడుము దగ్గర బిగింపు ఒకటి, మోచేయి మడత దగ్గర ఒకటి. మడతలన్నీ ఈ మూడు చోట్ల నుంచే బయల్దేరి కిందికి విచ్చుకుంటాయి. పెద్ద మడతలు నాలుగైదు మాత్రమే గట్టిగా వేసి, మిగతావి నీడలో కలిసిపోనివ్వండి. తొడ, మోకాలు ఉన్నచోట బట్ట సాఫీగా ఉంటుంది, అక్కడ మడత వేస్తే లోపల మనిషి లేనట్టుంటుంది. పట్టుకీ నూలుకీ తేడా అంతా మెరుపు అంచుల్లోనే: పట్టు మీద వెలుతురు గభాల్న మొదలై గభాల్న ఆగిపోతుంది, నీడలోనూ పక్క మడత నుంచి వెనక్కి తన్నిన వెలుతురు కనిపిస్తుంది, నూలు మీద మెల్లగా కరిగిపోతుంది. ధర్మవరం పట్టులో తరచూ కనిపించే జమిలి రంగు, అంటే పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉండి కదిలినప్పుడల్లా మారేది, పాలెట్ మీద రెండూ కలిపితే బురద రంగు వస్తుంది. కలపొద్దు. మనవైపు తిరిగిన భాగానికి ఒక రంగు, పక్కకి ఒదిగిన భాగానికి రెండో రంగు, పక్కపక్కనే పెట్టి కలిసేచోట పొడి బ్రష్‌తో ఒక్కసారి తాకి వదిలేయండి.

జరీ అంచు నీడలో బంగారంలా ఉండదు, ఆకుపచ్చ కలిసిన గోధుమరంగులా ఉంటుంది. ముందు అంచంతా ఓకర్, అంబర్, చిటికెడు అల్ట్రామెరైన్ కలిపిన మురికి రంగు వేసేయండి, దానిమీద వెలుతురు పడే మడతల శిఖరాల మీద మాత్రమే ఓకర్, ఎండాక లెమన్ ఎల్లోలో తెలుపు కలిపి ముద్దగా చుక్కలు. గీతలు కాదు, చుక్కలు, అదీ విడివిడిగా. నగలకీ ఇదే పద్ధతి. కాసులపేరులో ప్రతి కాసూ మెరిస్తే ఏదీ మెరిసినట్టు ఉండదు, నాలుగు మెరిసి మిగతావి మెడ నీడలో ఉండాలి. బుట్టల కింద చెంప మీద, వంకీ కింద జబ్బ మీద చిన్న నీడ వేయడం మర్చిపోకండి, లేకపోతే నగలు ఒంటిని అంటుకోవు. మల్లెపూలు కూడా తెలుపు కాదు, ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు ముద్ద వేసి పైన ఐదారు రేకులకే తెలుపు. జుట్టు నుదుటిని కలిసేచోట గట్టి గీత ఉండకూడదు, తడిమీదే మెత్తగా కలిపేయాలి.

వెనక గోడకి ముదురు ఆకుపచ్చో గోధుమో పలచగా రుద్దితే చాలు, నీడవైపు భుజం అందులో కొంచెం కలిసిపోనివ్వండి. అలా పోగొట్టుకున్న అంచు వల్లే వెలుతురు వైపు ముఖం ముందుకొస్తుంది.

ఎండడం దగ్గర ఓపిక కావాలి. నూనె నీళ్ళలా ఆవిరైపోదు, గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అలిజరిన్, టైటానియం వైట్ ఉన్నచోట ఇంకా ఆలస్యం, వానాకాలంలో సముద్రం దగ్గర ఊళ్ళలో మరీను. గోడకి తిప్పి చీకట్లో పెట్టకండి, లిన్సీడ్ పసుపెక్కుతుంది. ముదురు రంగులు మధ్యమధ్య మెరుపు పోయి మచ్చల్లా కనిపిస్తే కంగారొద్దు, ముట్టుకుంటే అంటుకోనంతగా ఎండాక లిన్సీడ్ చాలా పలచగా రుద్ది తుడిచేస్తే తేరుకుంటాయి. లిన్సీడ్ తుడిచిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, నీళ్ళలో తడిపి ఆరుబయట పరిచేయండి. వార్నిష్ ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత. బాగా ముద్దగా వేసిన జరీ చుక్కని గోటితో నొక్కి చూడండి, దిగబడితే ఇంకా ఆగాలి. ఫ్రేముకి గాజు అక్కర్లేదు, వెనక గోడకి తేమ ఉంటే ఫ్రేముకీ గోడకీ మధ్య రెండు కార్క్ ముక్కలు అడ్డం పెట్టి గాలి ఆడనివ్వండి, వంటింటికి ఎదురుగోడ మీద మాత్రం తగిలించకండి, తాలింపు పొగ జిడ్డు పట్టిందంటే దాన్ని వదిలించడం బొమ్మ వేయడం కన్నా కష్టం.