ఎస్‌ఓపీ బాగుందంటారు, అడ్మిట్ రాదు: లోపం ఎక్కడుంది?

ఏటా దసరా వెళ్లిందంటే నా వాట్సాప్‌కి ఎస్‌ఓపీలు (విదేశీ యూనివర్సిటీల దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వ్యాసాలు) రావడం మొదలవుతుంది. "అన్నా, ఒక్కసారి చూసి పెట్టవా, ఎల్లుండే డెడ్‌లైన్" అని. అమెరికాలో ఫాల్ ఎంఎస్‌కి చాలా డిపార్ట్‌మెంట్ల గడువు డిసెంబరులోనే కాబట్టి నవంబరంతా నాకిదే పని. రెజ్యూమె, జీఆర్‌ఈ, ట్రాన్‌స్క్రిప్టుల సంగతి మీకు తెలుసనే అనుకుంటున్నాను. ఎస్‌ఓపీ ఒక్కదానివల్ల అడ్మిట్ రాదు, నిజమే. కానీ మార్కులు ఇప్పుడు మార్చలేం, దీన్ని మార్చగలం.

ముందు ఇది చూడండి (చూడరని తెలుసు)

లక్షణం: చదివిన ప్రతివాళ్లూ బాగుందన్నారు, అయినా జవాబు పక్కకి పోయినట్టుంది.

కారణం: యూనివర్సిటీ ఏం అడిగిందో మీరు చదవలేదు. "ప్రశ్న ఏమిచ్చారు?" అని అడిగితే చాలామంది "ఎస్‌ఓపీ అడిగారన్నా" అంటారు. అది జవాబు కాదు. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటే ఏం చదవాలనుకుంటున్నారు, దానికి ఇప్పటిదాకా ఏం చేశారు. పర్సనల్ స్టేట్‌మెంట్ అంటే చాలాచోట్ల మీరు ఎక్కడి నుంచి, ఏం దాటుకుని వచ్చారన్నది. బర్క్‌లీలో రెండూ విడివిడిగా అడుగుతారు, రెండోదానికి పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ అని పేరు. ఒకటే ఫైలు రెండుచోట్లా ఎక్కించినవాళ్లను చూశాను. ఇంటర్ అయ్యాక బ్రిటన్ వెళ్దామనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త: 2026 ప్రవేశాల నుంచి యూకాస్ (అక్కడి డిగ్రీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) ఆ ఒక్క పొడుగు వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలు పెట్టింది, మూడూ కలిపి 4,000 క్యారెక్టర్లే. సీనియర్ ఇచ్చిన పాత ఫైలు అక్కడ పనికిరాదు.

పరిష్కారం: డిపార్ట్‌మెంట్ పేజీలోని ప్రశ్నను కాగితం మీద రాసుకోండి. మీ పేరాలు ఒక్కోటీ అందులో ఏ ముక్కకి జవాబో పక్కన గీత పెట్టండి. దేనికీ కానిదాన్ని కొట్టేయండి. ఆ చేత్తోనే మిగతా యూనివర్సిటీల పేర్లు టైపు చేసి ఫైల్లో వెతకండి. ఒకచోటికి రాసిందాంట్లో ఇంకోచోటి పేరు మిగిలిపోవడం ఏటా ఒక్కటైనా దొరుకుతుంది.

మొదటి పేరా అందరిదీ ఒకటే

"నాకు ఏడేళ్లప్పుడు మా నాన్న కంప్యూటర్ కొన్నారు..." ఈ నాన్నను నేను చాలాసార్లు కలిశాను. ఇది మన రోగం ఒక్కటే కాదు. 2007లో యూకాస్‌వాళ్లు 50,000 స్టేట్‌మెంట్లు పోల్చి చూస్తే, ఎనిమిదేళ్ల వయసులో పైజమా కాలి చిల్లు పడిందన్న కథ 234 మంది రాశారట. పరిష్కారం చిన్నది: మొదటి పేరా తీసేసి చదవండి. చాలావరకు అసలు విషయం రెండో పేరాలోనే మొదలవుతుంది.

నన్ను కూడా బోల్తా కొట్టించింది: "మేము"

లక్షణం: ఇంగ్లీషు శుభ్రంగా ఉంది, ప్రాజెక్టులున్నాయి, కాపీ కొట్టింది లేదు. కానీ చదివి పక్కన పెట్టాక మనిషి గుర్తుండడు.

కొన్నేళ్ల కిందట ఒకే బీటెక్ బ్యాచ్ నుంచి ఇద్దరు, వారం తేడాతో ఎస్‌ఓపీలు పంపారు. ఇద్దరివీ దిద్దాను, బాగున్నాయన్నాను. ఇద్దరూ ఒకే యూనివర్సిటీలో ఒకే డిపార్ట్‌మెంట్‌కి పెట్టారు, ఇద్దరికీ రిజెక్టే. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నా తల తిరిగిపోయింది. ఎవరికి వాళ్లే రాసుకున్నారు, అయినా ప్రాజెక్టు పేరా రెండింటిలోనూ ఇదే: "మిరప ఆకుల తెగుళ్లను డీప్ లెర్నింగ్‌తో గుర్తించే వ్యవస్థను మేము తయారు చేశాం. డేటా సేకరించి, శుభ్రం చేసి, 94 శాతం యాక్యురసీ సాధించాం." రిజెక్ట్‌కి కారణం అదేనని నేననను, వాళ్లు చెప్పరు కూడా. కానీ సీటు ఎవరికివ్వాలో చూసే ఆ అడ్మిషన్ కమిటీలో నేనున్నా ఇద్దరిలో ఎవరెవరో చెప్పలేకపోయేవాణ్ణి.

ఇది ఎందుకు కనిపించదంటే, మనకది తప్పులా వినిపించదు. "నేను చేశా, నేను చేశా" అంటే గొప్పలు చెప్పుకుంటున్నాడంటారని చిన్నప్పటి నుంచీ భయం. అందుకే "చేశాం" అంటాం. కాస్త హుందాగా ఉండాలనుకున్నవాళ్లు ఇంగ్లీషులో "మోడల్ రూపొందించబడింది" తరహాకి దిగుతారు. ఎవరి చేత?

ఆ ఇద్దరిలో ఒకడు మరుసటి ఏడాది మళ్లీ వచ్చాడు. ఈసారి ఫైలు ముట్టుకోకుండా ఫోన్ చేశాను.

"డేటా శుభ్రం చేశామన్నావు, అందులో నువ్వేం చేశావ్?"

"అదేం లేదన్నా, చిన్న పని."

"చిన్నదే చెప్పు."

వాళ్లది ఖమ్మం దగ్గర పల్లె, ఇంట్లో మిర్చి వేస్తారు. నెట్‌లో దొరికిన ఫొటోల్లో ఆకుముడత మొత్తం ఒకే పేరు కింద ఉంది. పైముడతకి తామర పురుగు కారణమని, కింది ముడతకి తెల్లనల్లి కారణమని, రెండింటికీ మందులు వేరని వీడికి తెలుసు. రెండూ ఒకటే అని చెప్పే యాప్ రైతుకెందుకని సంక్రాంతి సెలవుల్లో మామయ్య తోటలో ఆకులు తిప్పి తిప్పి, కింది వైపు కూడా 600 ఫొటోలు తీసి రెండు పేర్ల (లేబుళ్ల) కింద విడగొట్టాడు. దాంతో యాక్యురసీ 94 నుంచి 81కి పడింది. బ్యాచ్‌వాళ్లు తిట్టారు, రిపోర్టులో పాత నంబరే వేశారు.

"ఒరేయ్, ఇది రాయకుండా ఏం రాశావురా?"

"నంబరు తగ్గింది కదన్నా."

కొత్త పేరా ఇలా వచ్చింది, తెలుగులో చెప్తున్నాను: "నలుగురం చేసిన ప్రాజెక్టులో లేబుళ్ల పని నాది. ఒకే పేరు కింద ఉన్న రెండు ముడతలను నేను విడదీశాక యాక్యురసీ 81కి తగ్గింది. లేబుల్ తప్పయితే ఎక్కువ యాక్యురసీ దేన్ని కొలుస్తోందన్న ప్రశ్న అక్కడ మొదలైంది." ఏం చదవాలనుకుంటున్నాడో వేరే పేరాలో వివరించాల్సిన అవసరం సగం తీరిపోయింది. మూడుచోట్ల రాలేదు, ఒకచోట వచ్చింది.

పరిష్కారం: ప్రింట్ తీసి "మేము"లన్నిటికీ, చేసినవాడు లేని వాక్యాలకీ సున్నా చుట్టండి. ఒక్కోదాని దగ్గర, ఆ రోజు సిస్టమ్ ముందు కూర్చున్నది ఎవరని అడగండి. టీమ్‌కి ఒక వాక్యం చాలు, మిగతాది మీ వంతు పని. ఆ పేరాని మీ బ్యాచ్‌మేట్ తన పేరుతో పంపుకోగలిగితే ఇంకా పూర్తి కాలేదన్నట్టే. అలాగని పక్కవాడి కోడ్‌కి "నేను" తగిలించకండి. రికమండేషన్ లెటర్‌లో సార్ ఇంకోలా రాస్తే అక్కడే దొరికిపోతారు. ప్రాజెక్టు అమీర్‌పేటలో కొన్నదైతే దాన్ని వదిలేసి, మీరు నిజంగా చేసిన చిన్న పని ఏదైనా రాయండి. ఉద్యోగాలు చేస్తున్నవాళ్లకీ ఇదే: "మా టీమ్ ఖర్చు తగ్గించింది" అంటే మీ మేనేజర్ గురించి రాసినట్టు.

మిగతావి

బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు): రెండు వాక్యాలు, ఏడుపు వద్దు. ఫాంటు, మార్జిన్: వాళ్లు చెప్పింది ఉంటే పాటించండి, లేకపోతే టెన్షన్ వద్దు. ప్రొఫెసర్ల పేర్లు: వాళ్ల పేపరు ఒక్కటైనా చదవకపోతే తీసేయండి. ఏఐతో రాయించడం: ఒప్పుకుంటారో లేదో ముందు ఆ యూనివర్సిటీ నియమం చూడండి, ఒప్పుకున్నా మీ "మేము"ని ఇంకా అందమైన "మేము" చేసి ఇస్తుంది, అంతే.

సబ్మిట్ నొక్కేముందు ప్రివ్యూ తెరిచి చూడండి. పోయినేడు ఒకమ్మాయి ఎస్‌ఓపీ ఉండాల్సిన చోట హాస్టల్ ఫీజు రసీదు ఎక్కించింది.